పాత పద్దుల్లోని తెలుగు అంకెలు, భిన్నాలు: చదవడం, రాయడం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్ళలో మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో అటక మీద ఒక రేకు పెట్టె ఉండడం, అందులో తాతల నాటి ధాన్యం పద్దులు, అప్పు నోట్లు, భూమి కాగితాలు మూటగట్టి ఉండడం మామూలే. ఆ కాగితాలను విప్పిన ఈ తరంవారికి అక్షరాలు కొంత ప్రయాసతోనైనా అందుతాయి గాని, అంకెల దగ్గరికి వచ్చేసరికి చదువు ఆగిపోతుంది. బడిలో మనకు ఒడియా అంకెలో ఇంగ్లీషు అంకెలో వచ్చాయి. పర్లాకిమిడికి నది అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో తెలుగు మాధ్యమంలో చదువుకొన్న మన బంధువులకు కూడా తెలుగు అంకెలు పాఠంగా వచ్చాయే తప్ప వాడుకగా రాలేదు. అందువల్ల ఈ అంకెలను ఎలా గుర్తించాలో, ఎలా రాయాలో, వాటి వెనుక వచ్చే భిన్నపు గీతలను ఎలా లెక్కగట్టాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మొదట నేను పడిన పొరపాటు చెప్పడం మంచిది, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవారు చాలామంది అదే చోట పడతారు. మా తాతగారి చిట్టాలో ఒక వరుసలో ధాన్యం ౫౹ తూములు అని, ధర తూముకు ౺ రూపాయి అని, మొత్తం ౨౺౽ అని ఉంది. ఐదు పక్కనున్న నిలువు గీతను ఇంగ్లీషు ఒకటిగా భావించి యాభై ఒక్క తూములని, రెండు నిలువు గీతలను పదకొండని చదివాను. ఆ లెక్కన మొత్తం ఐదువందల అరవై ఒక్క రూపాయి కావాలి. కాగితం మీద మాత్రం రెండు అనే అంకె, దాని వెనుక కొన్ని గీతలు తప్ప ఏమీ లేవు. తాతగారు లెక్క తప్పారని రెండు రోజులపాటు ఇంట్లో అందరికీ చెప్పి, ఆ తరువాత మా మేనమామ ఆ వరుసను తప్పు లేకుండా చదివి వినిపించినప్పుడు నోరు మూసుకున్నాను. ఆ వరుసకు ఈ వివరణలోనే మళ్ళీ వద్దాం.

పది అంకెలు

సున్న ౦, ఒకటి ౧, రెండు ౨, మూడు ౩, నాలుగు ౪, ఐదు ౫, ఆరు ౬, ఏడు ౭, ఎనిమిది ౮, తొమ్మిది ౯. వీటిని కంటితో చూసి గుర్తుపెట్టుకోవడం కంటే చేత్తో రాసి నేర్చుకోవడం సులువు. గీతల కాగితం మీద ఒక్కొక్క అంకెను ఒక వరుస నిండా రాసి, తరువాత ఇంట్లోవారి పుట్టిన సంవత్సరాలనో తెలిసిన ఫోన్ నంబర్లనో తెలుగు అంకెల్లోకి మార్చి రాస్తే, నాలుగైదు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. పుస్తకం చూడకుండా రాయగలిగేవరకు పాత కాగితాన్ని తెరవకపోవడమే మేలు. అచ్చు అంకె తెలియనివారికి చేతిరాత అంకె మరింత తికమక పెడుతుంది.

చేతిరాతలో తికమక పెట్టే జతలు రెండు. మొదటిది ౧, ౦. ఒకటి కింద తెరిచి ఉంటుంది, సున్న మూసుకొని ఉంటుంది. సిరా పాకినా, తాటాకు మీద గంటం కొంచెం ఎక్కువ తిరిగినా ఒకటి కాస్తా సున్న అయిపోతుంది. రెండవది ౨, ౩. రెండింటికీ పై మెలిక ఒకటే, మూడుకు దాని కింద మరొక మెలిక ఎక్కువగా ఉంటుంది. గబగబా రాసే గుమాస్తా చేతిలో ఆ రెండో మెలిక చదునైపోయి మూడు రెండులా కనిపిస్తుంది. ఇటువంటి చోట ఒక్క అంకెను పట్టుకొని కూర్చోకుండా, అదే చేతితో రాసిన ఇతర వరుసల్లో నిస్సందేహమైన రెండును, మూడును వెతికి, వాటి పక్కన పెట్టి పోల్చాలి. ప్రతి చేతిరాతకూ ఒక చిన్న పట్టిక తయారుచేసుకొని, ఆ రాతలోని పది అంకెలను అందులో ఉన్నవి ఉన్నట్టే దించుకుంటే తరువాతి పని సగం అయిపోయినట్టే.

అంకెల విలువ స్థానాన్ని బట్టి వస్తుంది. ఈ విషయంలో ఇంగ్లీషు అంకెలకూ వీటికీ తేడా లేదు, కుడి నుంచి ఒకట్లు, పదులు, వందలు, వేలు. వేల తరువాత రెండేసి అంకెలకొక విరామం పెట్టి లక్ష, కోటి అని విడదీయడం కూడా మనకు తెలిసినదే: ౧,౨౫,౦౦౦ అంటే లక్షా ఇరవై ఐదు వేలు. పాత గోడ గడియారాల మీద కనిపించే రోమన్ అంకెల్లో ఈ సౌకర్యం లేదు. అక్కడ స్థానం లేదు, సున్న లేదు, గుర్తులను పక్కపక్కన పేర్చి కలుపుకోవాలి, చిన్న గుర్తు పెద్దదానికి ముందు వస్తే తీసివేయాలి. ఎనభై ఎనిమిది రాయడానికి రోమన్ పద్ధతిలో ఎనిమిది గుర్తులు కావాలి, మనకు ౮౮ అని రెండు చాలు. తమిళంలో కూడా పూర్వం పదికి, నూటికి, వేయికి విడివిడి గుర్తులు ఉండేవి. తెలుగు పద్దు చదివేవారికి ఆ బాధ లేదు, పది అంకెలు వస్తే ఎంత పెద్ద పూర్ణసంఖ్యైనా వచ్చినట్టే.

మన ప్రాంతంలో ఒకే కాగితం మీద రెండు లిపుల అంకెలు కలిసి ఉండడం అరుదు కాదు. ఒడియా అంకెలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లోను, పంజికల్లోను, అంటే ఒడియా పంచాంగాల్లోను, సజీవంగా ఉన్నాయి కనుక వాటికి అలవాటుపడిన కన్ను తెలుగు అంకెను కూడా ఒడియా అంకెగా చదవాలని చూస్తుంది. నాలుగు విషయంలో ప్రమాదం లేదు, ఎందుకంటే తెలుగు, ఒడియా, దేవనాగరి మూడింటిలోనూ అది కింద ముడి, పైకి విచ్చుకొన్న రెండు చేతులతో ఒకే కుటుంబపు పోలికలో ఉంటుంది. తక్కినవాటిలో పోలికను నమ్ముకోకూడదు. మహారాష్ట్రలోని సిరొంచ, దెగ్లూరు వైపు తెలుగువారికి మరాఠీ కాగితాలతో మరొక చిక్కు ఉంది: దేవనాగరి ఒకటి ఇంగ్లీషు తొమ్మిదిలా కనిపిస్తుంది. అంకె ఏ లిపిదో తేల్చుకోవడానికి మంచి మార్గం, దాని పక్కనున్న మాట ఏ లిపిలో ఉందో చూడడమే. తెలుగు మాట పక్కన గుమాస్తా సాధారణంగా తెలుగు అంకెనే వేస్తాడు. ఇంగ్లీషు అంకెలని మనం పిలిచేవి కూడా నిజానికి పరాయివి కావు, మన రాజ్యాంగం 343వ అధికరణంలో వాటిని భారతీయ అంకెల అంతర్జాతీయ రూపమనే పేర్కొంది.

భిన్నపు గీతలు

అసలు విషయం ఇక్కడ ఉంది. తెలుగు లెక్కల్లో పూర్ణసంఖ్య పదుల్లో నడుస్తుంది, భిన్నం నాలుగుల్లో నడుస్తుంది. పూర్ణసంఖ్య అయిపోగానే, మధ్యలో చుక్క గాని గీత గాని ఏమీ పెట్టకుండా, భిన్నపు గుర్తులు మొదలవుతాయి. మొదటి స్థానం కాలు, అంటే నాలుగో వంతు. రెండో స్థానం వీసం, అంటే ఆ కాలులో నాలుగో వంతు, మొత్తంలో పదహారో వంతు. మూడో స్థానం కాని, అంటే వీసంలో నాలుగో వంతు, మొత్తంలో అరవై నాలుగో వంతు. ఇంకా కిందికి వెళ్ళవచ్చు గాని, ఇంటి పద్దులు చదవడానికి ఈ మూడు స్థానాలు చాలు.

ఏ స్థానంలో ఏ గీత వేయాలన్నదానికి నియమం చాలా అందమైనది. మొదటి స్థానంలో గీతలు నిలువుగా ఉంటాయి, రెండో స్థానంలో అడ్డంగా ఉంటాయి, మూడో స్థానంలో మళ్ళీ నిలువుగా ఉంటాయి. ఇలా స్థానం మారినప్పుడల్లా గీత దిక్కు మారుతుంది కనుక, పక్కపక్కన రాసిన గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి లెక్క తారుమారయ్యే అవకాశం తగ్గుతుంది.

నిలువు స్థానంలో ఒక గీత ౹ కాలు, రెండు గీతలు ౺ అర, మూడు గీతలు ౻ ముప్పాతిక. అడ్డం స్థానంలో ఒక గీత ౼ వీసం, రెండు గీతలు ౽ పరక, అంటే ఎనిమిదో వంతు, మూడు గీతలు ౾ మువ్వీసం. మూడో స్థానంలో మళ్ళీ ౹ అంటే కాని, ౺ అంటే అరవీసం, ౻ అంటే మూడు కానులు. నాలుగు గీతలు ఎక్కడా రావు. నాలుగు కాళ్ళు ఒక పూర్ణం, నాలుగు వీసాలు ఒక కాలు, నాలుగు కానులు ఒక వీసం అవుతాయి కనుక, నాలుగు నిండగానే ఎడమ స్థానానికి ఒకటి చేర్చడమే పని.

ఒక స్థానం ఖాళీగా ఉంటే ఏం చేయాలన్నది తరువాతి ప్రశ్న. అడ్డగీతల స్థానం ఖాళీగా ఉంటే మామూలు సున్న ౦ వేస్తారు. నిలువుగీతల స్థానం ఖాళీగా ఉంటే దానికి వేరే గుర్తు ఉంది: ౸. దీని పేరు హళ్ళి. 'హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న' అని మనం రోజూ అనే మాటలో హళ్ళి, సున్న రెండూ విడివిడిగా ఎందుకున్నాయో ఈ గుర్తు చూసేదాకా నాకు తట్టలేదు.

ఈ ఖాళీ గుర్తులను తక్కువగా చూడకూడదు. ఏడూ వీసం రాయాలంటే ౭౸౼ అని రాయాలి, అంటే ఏడు, కాళ్ళు లేవు, ఒక వీసం. ఆరూ కాని రాయాలంటే ౬౸౦౹ అని రాయాలి, అంటే ఆరు, కాళ్ళు లేవు, వీసాలు లేవు, ఒక కాని. ఈ రెండో దానిలో మధ్యనున్న రెండు ఖాళీ గుర్తులు చెరిగిపోతే మిగిలేది ౬౹, అంటే ఆరుంపావు. వడ్డీ కాగితంలో ఈ తేడా చిన్నది కాదు. పురుగు తిన్న కాగితంలో పూర్ణసంఖ్యకూ గీతకూ మధ్య ఎడం ఎక్కువగా కనిపిస్తే, అక్కడ హళ్ళి గాని సున్న గాని ఉండి పోయిందేమోనని అనుమానించి, మొత్తంతో సరిచూసుకోవాలి.

రాయడం అలవాటు కావడానికి కొన్ని సంఖ్యలను సాధన చేయండి. ఐదుం ముప్పాతిక ౫౻. రెండూ, పదహారింట ఐదు వంతులు: ఐదు వీసాలంటే ఒక కాలు, ఒక వీసం, కనుక ౨౹౼. పన్నెండూ, పదహారింట పదకొండు వంతులు: పదకొండు వీసాలంటే అర మీద మూడు వీసాలు, కనుక ౧౨౺౾. భిన్నాన్ని ముందు వీసాల్లోకి మార్చి, ఆ వీసాల్లోంచి నాలుగేసి చొప్పున కాళ్ళు తీసి, మిగిలినవి అడ్డగీతలుగా వేయడమే పద్ధతి.

ఇప్పుడు మా తాతగారి వరుసకు వద్దాం. ౫౹ తూములు యాభై ఒకటి కాదు, ఐదుంపావు. ధర ౺ అంటే తూముకు అర్ధరూపాయి. ఐదుంపావులో సగం రెండున్నర మీద ఎనిమిదో వంతు, అంటే రెండు, అర, పరక: ౨౺౽. తాతగారి లెక్క వీసమెత్తు కూడా తప్పలేదు.

రూపాయి, అణా, కానీ

ఈ గీతల పద్ధతి పాత రూపాయికి సరిగ్గా అతికినట్టు సరిపోతుంది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానీలు, కానీకి మూడు పైలు. కనుక మొదటి నిలువు స్థానం పావలాలు, అడ్డం స్థానం అణాలు, రెండో నిలువు స్థానం కానీలు. పావలా, అర్ధరూపాయి, ముప్పావలా వరుసగా ౹ ౺ ౻. అణా ౼, బేడ ౽, మూడణాలు ౾. పదహారణాల తెలుగువాడని మనం అనుకొనేటప్పుడు ఆ పదహారు ఎక్కడిదో ఈ పద్దుల్లో కళ్ళకు కనిపిస్తుంది.

ఇంగ్లీషు పద్ధతిలో రూపాయలు, అణాలు, పైలు వరుసగా 1-5-9 అని రాసిన సొమ్మును తెలుగు గీతల్లోకి మార్చాలంటే, ఐదణాలను ఒక పావలా, ఒక అణాగా విడగొట్టి, తొమ్మిది పైలను మూడు కానీలుగా చేసి ౧౹౼౻ అని రాయాలి. 4-14-6 అయితే పధ్నాలుగు అణాలంటే మూడు పావలాలు, రెండణాలు, ఆరు పైలంటే రెండు కానీలు, కనుక ౪౻౽౺. 10-0-6 అయితే పావలాలూ లేవు, అణాలూ లేవు, రెండు కానీలు మాత్రమే, కనుక ౧౦౸౦౺. పైల సంఖ్య మూడుతో పోకపోతే మాత్రం ఈ మూడు స్థానాల్లో అది పూర్తిగా ఇమడదు.

1957 ఏప్రిల్ 1న రూపాయిని నూరు నయా పైసలుగా మార్చిన తరువాత ఈ సౌలభ్యం పోయింది. పది పైసలను నాలుగో వంతులుగా చీల్చుకుంటూ పోతే లెక్క తెగదు: కాళ్ళు లేవు, వీసం ఒకటి, కానులు రెండు, ఇంకా కొంత మిగులు. అందువల్ల తారీఖు లేని పద్దు దొరికినప్పుడు, సొమ్ము గీతల్లో ఉంటే అది అణాల కాలం నాటిదని ఊహించడానికి ఆధారం ఉన్నట్టే. అయితే అలవాటు చట్టం కంటే మొండిది, చట్టం మారినా పాత గుమాస్తా చెయ్యి వెంటనే మారకపోవచ్చు కనుక ఇది ఆధారమే గాని రుజువు కాదు.

ధాన్యం కొలతలకూ ఇదే పద్ధతి నప్పుతుంది. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు అనే లెక్క వాడిన పద్దులో నిలువు గీత కుంచం, అడ్డగీత మానిక అవుతుంది. మా పద్దులోని ఐదుంపావు తూములు ఐదు తూముల ఒక కుంచం. పుట్టికి ఇరవై తూములు కనుక పుట్టిని మాత్రం గీతల్లో చీల్చరు, తూములను పక్కన అంకెలతోనే వేస్తారు. కొలపాత్రల పరిమాణం ఊరూరికీ మారేది కనుక తూమును కిలోల్లోకి మార్చే తొందర పడకండి.

కూడిక, దశాంశాల్లోంచి మార్పు

పద్దు కింద వేసిన మొత్తం సరిచూడాలంటే గీతలతోనే కూడడం నేర్చుకోవాలి, దశాంశాల్లోకి మార్చి కూడితే రెండింతల పని. ఉదాహరణకు ౨౻౾ కు ౧౹౼ కలపాలనుకుందాం. కుడి చివర నుంచి మొదలుపెట్టాలి. అడ్డగీతలు మూడూ ఒకటీ నాలుగు, కనుక అక్కడ సున్న మిగిలి ఒక కాలు ఎడమకు పోతుంది. నిలువు గీతలు మూడూ ఒకటీ, చేరిన ఒకటీ కలిపి ఐదు, కనుక ఒక గీత మిగిలి ఒక పూర్ణం ఎడమకు పోతుంది. రెండూ ఒకటీ, చేరిన ఒకటీ కలిపి నాలుగు. ఫలితం ౪౹, అంటే నాలుగుంపావు. తీసివేతలో దీనికి ఎదురు: ఎడమ నుంచి ఒకటి అరువు తెచ్చుకుంటే పది కాదు, నాలుగు వస్తాయని గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషు కూడికకు అలవాటుపడిన చెయ్యి మొదట్లో పదిని అరువు తెస్తుంది, నా చెయ్యి చాలా కాలం తెచ్చింది.

ఇప్పటి దశాంశ సంఖ్యను గీతల్లోకి మార్చడానికి, దశాంశ భాగాన్ని వరుసగా నాలుగుతో గుణిస్తూ పోవాలి. 0.6875 ను తీసుకుందాం. నాలుగుతో గుణిస్తే 2.75, కనుక రెండు నిలువు గీతలు. మిగిలిన 0.75 ను మళ్ళీ నాలుగుతో గుణిస్తే 3, కనుక మూడు అడ్డగీతలు. ఇక మిగులు లేదు, సమాధానం ౺౾. వెనక్కి మార్చాలంటే నిలువు గీతకు 0.25, అడ్డగీతకు 0.0625, మూడో స్థానంలోని నిలువు గీతకు 0.015625 చొప్పున కూడుకుంటే సరిపోతుంది.

సంవత్సరాన్ని తేల్చడం

పద్దు పైన ఉన్న సంవత్సరం తెలుగు అంకెల్లోనే ఉన్నా, అది క్రీస్తు శకం కాకపోవచ్చు. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలపు రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం కనిపిస్తుంది. మద్రాసు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శక సంవత్సరం వస్తుంది. ఫసలీ ౧౩౪౫ అంటే 1935 జూలై 1 నుంచి 1936 జూన్ 30 వరకు. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన 1936 ఏప్రిల్ 1 ఈ ఫసలీలోనే వస్తుంది కనుక, మన ప్రాంతపు కాగితాల్లో ౧౩౪౫ కనిపిస్తే దాన్ని రెండుసార్లు చూడవలసిందే. శక సంవత్సరమైతే 78 కలపాలి.

తాళపత్ర గ్రంథాల చివర, శాసనాల్లో సంవత్సరాన్ని అంకెల్లో కాక మాటల్లో దాచే పద్ధతి ఒకటుంది. చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, అగ్ని అంటే మూడు, వేదాలంటే నాలుగు, శరాలంటే ఐదు, రసాలంటే ఆరు, గిరులంటే ఏడు, వసువులంటే ఎనిమిది, నిధులంటే తొమ్మిది, ఆకాశమంటే సున్న. మాటలను చదివిన వరుసలో అంకెలు వేసి, వాటిని కుడి నుంచి ఎడమకు తిప్పాలి. 'శర రస గిరి చంద్ర' అని ఉంటే ౫, ౬, ౭, ౧ వస్తాయి, తిప్పితే శక ౧౭౬౫, అంటే 1843. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగం శాసనాల లిపిని గురువు లేకుండానే నేర్చుకున్నారు. మనకు కావలసింది అంత పెద్ద విద్య కాదు, ఈ పది మాటలే.

ఒడియావారితో రాసుకొన్న పత్రాల్లో అంకం అనే లెక్క కనిపిస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. ఇది పూరీ గజపతి రాజు పాలనా సంవత్సరాల లెక్క, భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, సునియా రోజున, కొత్త అంకం మొదలవుతుంది. ఇందులో కొన్ని సంఖ్యలను అశుభమని వదిలేస్తారు: ఒకటిని వదిలేసి రెండుతోనే మొదలుపెడతారు, ఆరుతో ముగిసే సంఖ్యలన్నింటినీ వదిలేస్తారు, పది తప్ప సున్నతో ముగిసేవాటిని కూడా వదిలేస్తారు. కనుక ఐదు తరువాత ఏడు, పదిహేను తరువాత పదిహేడు, పందొమ్మిది తరువాత ఇరవై ఒకటి వస్తాయి. పత్రంలో ౪౭ అంకం అని ఉంటే అది నలభై ఏడవ ఏడు కాదు. వదిలేసినవి 1, 6, 16, 20, 26, 30, 36, 40, 46, మొత్తం తొమ్మిది. నలభై ఏడులోంచి తొమ్మిది తీసేస్తే ముప్పై ఎనిమిదవ ఏడు. ౧౫ అంకమైతే వదిలేసినవి 1, 6 మాత్రమే, కనుక పదమూడవ ఏడు. ఆ తరువాత ఆ రాజు ఏ సంవత్సరంలో గద్దెనెక్కాడో చూసుకొని లెక్కపెట్టాలి. ఒకే పత్రంలో ఫసలీ, అంకం రెండూ ఉంటే ముందు ఫసలీని తేల్చి, దానితో అంకాన్ని సరిచూడడం సులువు.

కంప్యూటరులో ఎక్కించేటప్పుడు

తెలుగు భిన్నపు గుర్తులు 2008లో యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకు కంప్యూటరు సంకేతాలిచ్చే పట్టికలో, చేరాయి. తెలుగు పట్టిక చిట్టచివర హళ్ళి, మూడు నిలువు గీతల గుర్తులు, మూడు అడ్డగీతల గుర్తులు, ఆ తరువాత తూముకు వాడే ౿ గుర్తు వరుసగా ఉంటాయి. ఫోను కీబోర్డులో ఇవి దొరకకపోతే, ఒకచోట వరుసగా రాసి పెట్టుకొని అక్కడి నుంచి తీసి అతికించుకోవచ్చు. అన్ని ఫాంట్లలోనూ ఇవి లేవు కనుక మీరు పంపినది అవతలివారికి ఖాళీ డబ్బాలుగా కనిపించవచ్చు, అందువల్ల గీతల పక్కనే 'ఐదుంపావు' అని మాటల్లో కూడా రాయడం క్షేమం. నిలువు గీతకు బదులు కీబోర్డు మీది మామూలు నిలువు గీతనో ఇంగ్లీషు ఒకటినో వాడవద్దు. సున్నకు బదులు పూర్ణానుస్వారం ం వాడడం మరొక సాధారణమైన పొరపాటు, చూడడానికి రెండూ ఒకటిగానే ఉన్నా వెతికినప్పుడు దొరకవు, కూడినప్పుడు కలవవు.

పద్దును దించుకొనేటప్పుడు పేజీని మూడు నిలువు గడులుగా చేసుకోండి. మొదటి గడిలో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, అనుమానం ఉన్న అంకె కింద చుక్కతో. రెండో గడిలో మాటల్లో. మూడో గడిలో ఇప్పటి అంకెల్లో. మా తాతగారి వరుస మొదటి గడిలో ౫౹, ౺, ౨౺౽ గాను, రెండో గడిలో ఐదుంపావు తూములు, అర్ధరూపాయి, రెండున్నర రూపాయల బేడ గాను, మూడో గడిలో 5.25, 0.50, 2.625 గాను ఉంది. ఆ పెట్టెలో ఇంకా పదకొండు చిట్టాలు ఉన్నాయి.